ఇన్షిరాహ్ వదిన రొట్టె మానేసిన వేసవి

చలికాలం చివర్లో నేను రొట్టె మానేశాను. రొట్టెతో పాటు అన్నం, మకరోనీ, బంగాళాదుంప, టీలో చక్కెర కూడా. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. దమన్‌హూర్ పట్నంలో ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పుతాను. ఒళ్లు బరువెక్కి, మిషన్ల మధ్య నాలుగడుగులు వేయాలన్నా పిల్లల భుజాలు పట్టుకోవలసి వచ్చేది. తోటి టీచరు ఒకావిడ ఫోన్‌లో ఒక పేజీ చూపించింది. గుడ్లు, ఉప్పు జున్ను, కాల్చిన చేప, కీరా దోస, రొట్టె లేకుండా ములూఖియా ఆకుకూర పులుసు. తినాల్సింది అదే.

మొదటి వారం తల పగిలిపోయింది. కడుపు కదల్లేదు. నోరు కంపు కొడుతోందని మా ఆయన ఖమీస్ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రెండో వారానికి ఆకలి చప్పబడింది. మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాను. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కిన రోజున పైకి వెళ్లి, ఊరికే కిందికి దిగి, మళ్లీ ఎక్కాను.

కింది వాటాలో ఖమీస్ అక్కయ్య ఇన్షిరాహ్ ఉంటుంది. భర్త పోయాక ఇంటి ముందు గదిలోనే బట్టీ పెట్టుకుని ఫతీర్ చేసి అమ్ముతోంది. పిండిని బల్ల మీద గుడ్డలా పల్చగా సాగదీసి, నెయ్యి పూసి, మడత మీద మడత వేసి కాల్చే ఆ పొరల రొట్టె కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా వచ్చేవారు. వదినకు యాభై ఏడేళ్లు, భారీ మనిషి. ఆరేళ్లుగా షుగర్, పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర.

"ఏం మింగుతున్నావే పిల్లా, రోజురోజుకీ సగమైపోతున్నావ్? మా తమ్ముడు తిండి పెట్టట్లేదని ఊరంతా అనుకుంటోంది" అంది ఒక రోజు.

ఎవరైనా అడిగితే బాగుండునని కాచుకుని ఉన్నాను. అంతా చెప్పాను.

"నేనూ చేస్తా. మా అమ్మకి కాలు తీసేశారు ఈ షుగర్ వల్లే. రాత్రయితే అరికాళ్లు మండిపోతున్నాయ్. ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పు, నాకు చదవడం రాదుగా."

జాబితా చదివి వినిపించాను. జాబితా కింద ఒక వాక్యం ఉంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఈ తిండి మొదలుపెట్టవద్దని. దాన్ని కళ్లతో చదివాను, నోటితో చదవలేదు. డాక్టరు వద్దంటే ఆవిడ మానేస్తుంది. నా మాట విని ఒక మనిషి నా వెనక నడవడం అప్పుడే మొదలైంది. అది పోగొట్టుకోవాలనిపించలేదు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

రెండు వారాలకే మందుల షాపులో వేలు గుచ్చి చూపించుకుంటే, రెండు వందల అరవై ఉండే షుగర్ నూట నలభైకి దిగింది. అరికాళ్ల మంట తగ్గింది. వదిన మెట్లెక్కి వచ్చి నా తల పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "అల్లా నీ చేతులు చల్లగా ఉంచాలి" అంది. నేను చదివి వినిపించని ఆ వాక్యం గుర్తొచ్చి, ఆ రోజు నుంచే నా మనసు నిలవడం మానేసింది.

నాలుగో వారంలో వదిన చేతులు వణకడం చూశాను. పల్చగా సాగాల్సిన పిండి మధ్యలో చిరిగిపోయింది. బట్టీ వెలిగించకముందే మెడంతా చెమట. కొనడానికి వచ్చేవాళ్లతో ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి ఒక ముసలావిడ మీద విరుచుకుపడింది. "కొంటే కొను, లేకపోతే ఫో! నిలబడి నా తల తినకు!"

"ఏంటే ఇది, గుండె దడదడలాడుతోంది" అంది తర్వాత నాతో, బల్ల మీద ఆనుకుని.

"ఒళ్లు అలవాటు పడాలిగా వదినా. మొదట్లో నాకూ అంతే."

నాకు అలా కాలేదు. తలనొప్పి వచ్చింది, వణుకు రాలేదు. పైకెళ్లి ఆ పేజీ తెరిచి ఆ వాక్యం మళ్లీ చదివి మూసేశాను. ఆ వారమంతా ఏదో ఒక వంకతో కిందికి దిగుతూనే ఉన్నాను. ఉప్పుందా అని, నీళ్లొస్తున్నాయా అని, తలుపు చప్పుడైంది ఏమిటని. "ఏంటే, నీ కాళ్లకు చక్రాలు కట్టారా?" అంది వదిన. రేపు చెబుదాం అనుకునేదాన్ని. బడిలో రెండుసార్లు సూది వేలిలో దిగింది.

గురువారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి వదిన బట్టీ ముందు పొడవాటి చెక్క తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరింట్లోనో నిశ్చితార్థానికి ఇరవై ఫతీర్‌లు చేయాలి. వాటి కోసం వచ్చిన హాజీ మిత్వల్లీ గుమ్మంలో ఉన్నాడు.

"ఎన్నన్నారు?" అని అడిగింది వదిన.

"ఇరవై అన్నాగా, ఇన్షిరాహ్."

"ఎన్నన్నారు?"

మూడోసారి అదే ప్రశ్న అడిగింది. కళ్లు ఆయన మీద లేవు, ఎక్కడా లేవు. తెడ్డు చేయి జారింది. వదిన మోకాళ్లు మడతపడి, కుడిచేయి బట్టీ అంచుకు తగిలి, పక్కకు ఒరిగిపోయింది.

హాజీ, నేను కలిసి వెనక్కి లాగాం. ఒళ్లంతా తడి. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఏం జరిగిందో నాకు తెలుసు, షుగర్ పడిపోయింది. ఫతీర్‌తో ఇచ్చే నల్లటి చెరకు పాకం డబ్బా బల్ల మీదే ఉంది. ఆవిడ్ని కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెం నోట్లో పెట్టాను. "మింగు వదినా. నీకు పుణ్యముంటుంది, మింగు." మింగింది. నాలుగో చెంచాకి నా చేయి తోసేసి "బట్టీలో మాడిపోతున్నాయే" అంది. నేను బట్టీ వైపు చూడలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆసుపత్రికి చేరేసరికి, ఆ పాకం మింగాక కూడా, షుగర్ యాభై రెండే ఉంది. కుర్ర డాక్టరు అడిగాడు.

"పొద్దున ఏం తిన్నారు?"

"రెండు గుడ్లు."

"మాత్ర?"

"వేసుకున్నా. ఎప్పుడూ మానొద్దన్నారుగా."

"ఆ మాత్ర ఒంట్లో షుగర్‌ని కిందికి లాగుతుందమ్మా. రొట్టె, అన్నం మానేస్తే లాగడానికి ఏముంటుంది? తిండి తగ్గించినప్పుడు మాత్రా తగ్గాలి. తిండి మార్చుకోవడం తప్పనట్లేదు, మీ షుగర్‌కి మంచిదే. మాకు చెప్పకుండా మార్చడమే తప్పు. ఈ మాత్ర ప్రభావం మళ్లీ కిందికి దించొచ్చు, రేపటిదాకా ఇక్కడే ఉండాలి. ఎవరు చెప్పారు మీకు ఈ తిండి?"

వదిన నా వైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో చూశా" అంది.

ఆవిడ దగ్గరున్నది బొత్తాల ఫోను.

మర్నాడు ఇంటికి వచ్చాక వదిన కాలిన చేతికి కట్టు మారుస్తూ చెప్పేశాను. "డాక్టరుని అడగమని ఆ పేజీలోనే రాసుంది వదినా. నేను చదివాను."

"ఎప్పుడు చదివావ్?"

"మొదటి రోజే. నీకు వణుకొచ్చినప్పుడు మళ్లీ చదివాను."

వదిన చెయ్యి కొంచెం వెనక్కి లాక్కుంది. "కట్టు గట్టిగా కట్టకు" అంది. తర్వాత "ఇక పైకి పో" అంది.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పంపిన గిన్నెలు మూత తీయకుండానే వెనక్కి వచ్చాయి. ఖమీస్‌కి నేనే చెప్పాను. అరవలేదు. "మా అక్క పోయుంటే నీ మొహం ఎలా చూసేవాణ్నే?" అని మాత్రం అడిగాడు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ ఆ పదకొండు రోజులూ గడిపాను.

పన్నెండో రోజు మెట్ల కింద నుంచి కేక వినిపించింది. "ఇగ్లాల్! ఆ ఫోను తీసుకుని దిగు!"

దిగాను. వదిన పీట లాగింది. "మొత్తం చదువు. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను."

చదివాను. త్వరగా బరువు తగ్గడం, ఆకలి అణగడం, షుగర్ దిగడం. తర్వాత మలబద్ధకం, నీరసం, కొందరిలో చెడు కొవ్వు పెరగడం, మూత్రపిండాల జబ్బు ఉంటే జాగ్రత్త, మానేస్తే తిరిగి వచ్చే బరువు. చివరికి ఆ వాక్యం. అక్కడ ఆగాను. "ఆగావేం? చదువు" అంది.

మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన ఒక మాత్ర పూర్తిగా ఆపి, రెండోది సగం చేసి, వారానికి రెండుసార్లు వేలు గుచ్చి చూసుకోమన్నాడు. మధ్యాహ్నం అరచేతంత పొట్టు తీయని గోధుమపిండి రొట్టె, కొన్ని ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు తినవచ్చన్నాడు. ఆ వేసవి, తర్వాతి చలికాలం కలిపి వదిన తొమ్మిది కిలోలు తగ్గింది. నేను పండగలకు ఆగలేక నాలుగు కిలోలు తిరిగి పెరిగాను. ఆవిడ మోచేతి కింద కాలిన మచ్చ అలాగే ఉంది, పిండి సాగదీసేటప్పుడు ముడుచుకుంటుంది.

ఇప్పుడు మాట్లాడుకుంటాం, కలిసే తింటాం. కానీ నేను ఏ కబురు తెచ్చినా, పక్కన చుట్టాలున్నా సరే, అంతా విని వదిన అడుగుతుంది. "అంతేనా? ఇంకేమన్నా దాచావా?"

వాళ్లందరూ నవ్వుతారు. వదిన కూడా నవ్వుతుంది. అది వేళాకోళమో కాదో నాకిప్పటికీ తెలియదు. అడిగినప్పుడల్లా ఆలోచించి, వెతుక్కుని, జవాబు చెబుతాను.