నో పో కూతురు

యూనియన్ మిలిటరీ వచ్చి రజాకార్ల పీడ వదిలిన నాలుగైదు నెలలకు ఇబ్రహీంపట్నంలో టపా మళ్లీ దారిన పడింది. అలా వచ్చిన సంచుల్లో ఒకదాంట్లో, చనిపోయి అయిదేళ్లు దాటిన అంజిలయ్య పేరు మీద ఒక జాబు ఉంది.

టపా జవాను వాడలోకి వచ్చి గుడిసె ముందు సైకిలు ఆపేటప్పటికి అంజిలయ్య కూతురు లీదియా జొన్నలు విసురుతోంది.

"అంజిలయ్య ఏడి?"

"మా బాపు పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"సచ్చిపోయిండన్నా."

జవాను కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గట్లయితే నువ్వే తీస్కో. యాడికెల్లి వచ్చిందో గని నాలుగు ముద్దర్లున్నయ్," అని ఆమె పిండి చేతుల్లో పెట్టి వెళ్లిపోయాడు.

కవరు మీద ఇంగ్లీషు. లోపల రెండు కాగితాల నిండా గుండ్రటి అక్షరాలు. దూరం నుంచి చూస్తే తెలుగే అనిపిస్తుంది. దగ్గర పెట్టుకుంటే ఒక్కటీ తెలుగు కాదు. లీదియా తిరుగలి పక్కనే కూలబడిపోయింది. ఆ గుండ్రాలను ఆమె చిన్నప్పుడు పలక మీద దిద్దింది. దిద్దించిన చేయి అమ్మది.

అంజిలయ్య కరువు ఏడాది పాలమూరు కూలీలతో కలిసి కాకినాడ దాకా పోయి, అక్కడ ఓడెక్కి రంగూను చేరిన మనిషి. బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. మిషను దవాఖానాలో ఆయాగా ఉన్న ఒక పిల్లను కిరస్తానీ గుడిలో చూసి పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు నో పో. పో అంటే వాళ్ల మాటలో పువ్వట. కట్టుకున్నదాన్ని "పో" అని పిలవడానికి అంజిలయ్యకు నోరు రాలేదు. పూలమ్మ అని పిలుచుకున్నాడు. తెలుగు కూలీల బస్తీలో కాపురం గనుక ఆమే తెలుగు నేర్చుకుంది. మాట్లాడటం వచ్చింది, రాయడం రాలేదు. తన భాషను ప్రార్థనకూ, కూతురికి దిద్దించిన నాలుగు అక్షరాలకూ మాత్రమే ఉంచుకుంది.

జపానువాళ్లు రంగూను మీద బాంబులు వేసిన రోజున నో పో ఊళ్లో లేదు. తల్లికి జబ్బుగా ఉందని చంటి కొడుకును ఎత్తుకొని, పడవలో బస్సేన్ వైపు పుట్టింటికి వెళ్లింది. ఆ తర్వాత పడవలు ఆగిపోయాయి. అంజిలయ్య రెండు వారాలు ఎదురుచూశాడు. బస్తీ మొత్తం ఖాళీ అయ్యాక, తొమ్మిదేళ్ల లీదియాను వెంటబెట్టుకొని కొండదారి పట్టాడు. నడిచినవాళ్లు ఎందరో దారిలోనే పోయారు. ఈ ఇద్దరూ ఎలాగో ఇబ్రహీంపట్నం చేరారు గానీ, అడవిలో పట్టిన జ్వరం అంజిలయ్యను వదల్లేదు. మరుసటేడు చలికాలంలో అక్క మారెమ్మ ఇంట్లో కన్ను మూశాడు. "లడాయి అయిపోంగనే మీ అమ్మ వస్తది బిడ్డా" అన్నది ఆయన చివరి మాటల్లో ఒకటి.

లడాయి అయిపోయింది. అమ్మ రాలేదు.

వాడలో లీదియాను చీనాపిల్ల అనేవాళ్లు. ఆమె కళ్లు అలా ఉంటాయి. ఎవరైనా కొత్తవాళ్లు ఈ పిల్ల ఎవరని అడిగితే, "బర్మాల పుట్టింది" అని మారెమ్మ చెప్పేది. బర్మా ఎక్కడ అంటే మాత్రం ఆమెకు తెలియదు. బెజవాడ అవతలని ఒకరూ, బొంబాయి దాటాక వస్తుందని ఒకరూ అనేవాళ్లు. అక్కడ ఎవరు ఏలేవారో, ఎవరితో ఎవరికి వైరమో, ఆ మనుషులు ఏమి తింటారో అడిగినవాళ్లు లేరు. నిజానికి అడిగినా చెప్పడానికి లీదియా దగ్గర ఎక్కువ లేదు. ఏడేళ్లుగా ఆ మాట పలికే మరో మనిషి ఎదురుపడక, తెలిసిన నాలుగు ముక్కలూ ఒక్కొక్కటే జారిపోయాయి.

జాబు పట్టుకొని ఆమె ఇస్తారి పంతులు దగ్గరికి పోయింది. ఆదివారం వాక్యం చెప్పేదీ, మిగతా రోజుల్లో పిల్లలకు చదువు చెప్పేదీ ఆయనే. గోడకు యెరూషలేము పటం ఉంటుంది. యేసయ్య తాతముత్తాతల పేర్లు వరసపెట్టి అప్పజెప్పకపోతే పిల్లలను ఇంటికి పంపడు. లీదియా కూడా ఆ పేర్లన్నీ తడుముకోకుండా చెప్పగలదు.

ఆయన అద్దాలు పెట్టుకొని కాగితం నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు.

"తెలుగు లెక్కనే ఉన్నది గని తెలుగు గాదు. అన్నీ సున్నలే. ఎవరు రాసిన్రు?"

"మా అమ్మ రాసింది పంతులూ."

"మీ అమ్మోళ్లు ఏం జాతి? మీ తాత పేరేంది?"

యేసయ్యకు నలభై తరాల పైన ఎవరున్నారో తెలుసు. తనకు రెండో తరంలో ఎవరున్నారో తెలియదు. అమ్మమ్మను ఒక్కసారి చూసినట్టు గుర్తు. నీళ్ల మీద కట్టిన ఇల్లు, మెట్ల మీద ఒక ముసలామె పాదాలు. ముఖం గుర్తు లేదు.

"పట్నంల మిషను దొరసానులుంటరు. ఎండకాలంల నేను పోయినప్పుడు అడుగుత," అన్నాడు పంతులు. "అందాక భద్రంగ దాచిపెట్టు."

అమ్మకు ఈ బాధ తెలియదు. తాను దిద్దించిన అక్షరాలు కూతురికి గుర్తుంటాయనుకొనే రాసి ఉంటుంది. ఆ ఆలోచన లీదియాను అన్నిటికంటే ఎక్కువ కోసింది. రోజూ పని తీరాక కాగితాలు విప్పి, చూపుడువేలితో ఆ గుండ్రాల మీద రాస్తూ కూర్చునేది. ఒకటి రెండు అక్షరాలు ముఖం తెలిసినట్టే ఉండేవి. పేరు మాత్రం గుర్తుకు రాదు.

ఎండాకాలం రాకముందే మిలిటరీ ఊరి మీద పడింది. రాచకొండ గుట్టల నుంచి దిగిన కమ్యూనిస్టు సంఘం మనిషి ఒకడు కాగితాలతో దొరికాడట. ఆ కాగితాలు ఏ ఊరికి పోతున్నాయో తేల్చాలని ఊరంతా సోదా మొదలుపెట్టారు. వాడలో కుండలు బోర్లించారు, గంపలు గుమ్మరించారు. కవరు అప్పటికే చిరిగిపోయింది. మారెమ్మ చీర మడతలోంచి రెండు కాగితాలే జారిపడ్డాయి.

సిపాయి వాటిని వెలుతురుకు పట్టి, వెంట వచ్చిన గుమాస్తా శివయ్యకు చూపించాడు. శివయ్యకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, మరాఠీ మోడి రాత కూడా కొద్దిగా చదువుతాడు. ఈ మూడింటిలో ఏదీ కానిది ఆయన లెక్కలో ఒకటే.

"రష్యా రాత సాబ్," అన్నాడు.

లీదియాను క్యాంపుకు నడిపించుకుపోయారు. వెనకే మారెమ్మ రొమ్ము బాదుకుంటూ పరుగెత్తింది. ఆమెను గేటు దగ్గరే ఆపేశారు.

లోపల బల్ల వెనక ఆఫీసరు హిందీలో అడుగుతున్నాడు. శివయ్య తెలుగులో చెబుతున్నాడు.

"ఈ జాబు ఎవరు పంపిన్రు?"

"మా అమ్మ."

"ఆమె పేరు?"

"నో పో."

"ఏందే, పొమ్మంటున్నవా?" శివయ్య చెయ్యెత్తాడు.

"పేరే గది అయ్యా. మా అమ్మ పేరే గట్ల ఉంటది."

"ఏ దేశం?"

"బర్మా."

"ఏం రాసింది ఇందుల?"

"నాకు తెల్వదు."

"మీ అమ్మ రాసింది నీకు తెల్వదా?"

ఆఫీసరు కోపంగా కాగితాన్ని బల్ల మీద కొట్టాడు. ఆ చప్పుడుకు వసారాలో నిలబడిన ఒక హవల్దారు లోపలికి చూశాడు. నెరుస్తున్న మీసాలు, చిత్తూరు వైపు మనిషి. పేరు చెన్నయ్య. సెలవు అడిగి ముందుకు వచ్చి కాగితం అందుకున్నాడు.

"ఇది రష్యాది కాదు సార్. బర్మా వైపు రాతే. లడాయిలో రెండేళ్లు అక్కడే ఉన్నా. ఊళ్లల్లో బోర్డులన్నీ ఇట్లే ఉంటాయి."

లీదియా తలెత్తి ఆయన వైపు చూసింది. ఈ ఏడేళ్లలో ఆ నేల మీద నడిచిన మనిషిని చూడటం అదే మొదలు. బల్ల, ఆఫీసరు, శివయ్య ఎత్తిన చేయి అన్నీ మరిచిపోయి, "ఎట్లుంటదన్నా ఆ దేశం?" అని అడిగేసింది.

చెన్నయ్య కాగితం బల్ల మీద పెట్టాడు. "వానమ్మా. వాన, బురద, జలగలు. ఇంకేం చూసినాం మేము. తుపాకీ పట్టుకొని పోయినోడికి దేశం ఏం కనపడతాది?" అన్నాడు. "మీ అమ్మ పేరు మళ్లా చెప్పు."

"నో పో."

"నో అని పెట్టుకుంటారా ముందు? అట్లయితే వాళ్లు బర్మావాళ్లు కాదు తల్లీ. ఆ దేశంలోనే ఉంటారు గానీ వేరే జాతి. కరెన్లంటారు. గాయమై పడిపోతే నన్ను నాలుగు దినాలు వాళ్ల ఇంట్లో దాచిపెట్టినారు. ఆ ఇంటామె పేరు ముందర కూడా నో అనే ఉండె. వాళ్లల్లో చానామంది కిరస్తానీలే. మాకు తోడుండారని జపానోళ్లు వాళ్ల ఊళ్లు తగలబెట్టినారు."

"కరెన్," అంది లీదియా మెల్లగా. అమ్మ జాతి పేరు పదహారేళ్లు వచ్చాక, మిలిటరీ క్యాంపులో, ఒక దారిన పోయే మనిషి నోట ఆమెకు తెలిసింది.

"ఇప్పుడేమో అక్కడి సర్కారుకూ వాళ్లకూ పడక మళ్లా తుపాకులు లేచినాయంట. మొన్న రేడియోలో చెప్పినారు. బస్సేన్ వైపు కూడా గొడవేనంట." ఆ మాట ఆమెకు ఎలా తగులుతుందో చెన్నయ్యకు తెలియదు. చెప్పాక ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఆఫీసరు అంతా శివయ్య ద్వారా విన్నాడు. పిల్లను వదిలేయమన్నాడు. జాబు మాత్రం హైదరాబాదు పంపాలన్నాడు, అక్కడ తేల్చాల్సినవాళ్లు తేలుస్తారు.

"అయ్యా, నా జాబు నాకియ్యిన్రి. మా అమ్మది," అని లీదియా బల్ల కాళ్లు పట్టుకుంది. ఆఫీసరు కదలలేదు. రిపోర్టు రాయడానికి కలం తీశాడు. చెన్నయ్య తన జేబులోంచి చిన్న పెన్సిలు ముక్కా, ఒక సిగరెట్టు డబ్బా అట్టా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సారు రాసుకునేలోపల నువ్వు ఎంత గీసుకుంటావో గీసుకో."

లీదియా నేల మీద కూర్చొని, జాబు ముందు పెట్టుకొని అక్షరాలు గీయసాగింది. ఏ సున్నకు నోరు ఎడమ వైపుందో, దేనికి కింద తోకుందో, దేని నెత్తిన చుక్కుందో చూసి చూసి గీసింది. కళ్లలో నీళ్లు వచ్చి అక్షరాలు అలుక్కుపోతుంటే మోచేత్తో తుడుచుకుంది. మూడో వరుస సగంలో ఉండగా ఆఫీసరు కలం మూత పెట్టాడు. శివయ్య వంగి ఆమె ముందు నుంచి కాగితాలు లాక్కున్నాడు.

గేటు దగ్గర మారెమ్మ ఆమెను కావలించుకుంది. ఇంటికి పోయేదాకా ఒక్కటే మాట. "దాన్ని పొయ్యిల పారేయ్ బిడ్డా. మన పానాలు తీస్తది."

లీదియా పారేయలేదు. వాడలో కొన్నాళ్లు ఆడవాళ్లు ఆమెతో నీళ్లకు రావడానికి కూడా జంకారు. చీనాపిల్ల కాస్తా రష్యా పిల్ల అయింది. ఆమె ఒక్కతే బిందె ఎత్తుకొని, వాళ్లు తిరిగి వచ్చాక పోయేది.

వేసవిలో ఇస్తారి పంతులు అట్ట పట్టుకొని పట్నం పోయాడు. ఒక దొరసాని దాన్ని మద్రాసులో ఉన్న ఇంకో దొరసానికి పంపింది. ఆమె చాలా ఏళ్లు బర్మాలో పనిచేసి వచ్చిందట. వానలు పడ్డాక జవాబు వచ్చింది. పంతులు గుడిసెకు వచ్చి చదివాడు.

"మొదటి వరుసల, దేవుని దయ వల్ల మేం బతికి ఉన్నం అని ఉన్నదట. రెండో దాంట్ల, మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పోయింది, నీ తమ్ముడు పెద్దగైండు అని." ఆయన ఆగి అద్దాలు తుడుచుకున్నాడు.

"మూడోది పంతులూ?"

"రా అనే మాట ఉన్నదట. వాళ్ల భాషల వద్దు అని చెప్పాల్నంటే ఆ మాటకు ముంగట ఒక అక్షరం, ఎనక ఒక అక్షరం పెడుతరట. ముంగటిది ఉన్నట్టే కొడుతున్నది గని గీత సక్కగ లేదట. ఎనకది గియ్యకముందే నీ రాత ఆగిపోయిందట. రమ్మన్నదో రావద్దన్నదో చెప్పలేనని రాసింది బిడ్డా."

మారెమ్మ ఆమె తల నిమిరింది. "రావద్దన్నదనే అనుకో. మనసు నిమ్మళిస్తది."

లీదియా తర్వాత కొన్ని రోజులు రమ్మందనుకొనేది, కొన్ని రోజులు వద్దందనుకొనేది. రమ్మంది అనుకున్న రోజే ఎక్కువ కష్టంగా గడిచేది. బస్సేన్‌లో తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే చదివి వినిపిస్తారని తెలుగులోనే ఒక జాబు రాసింది. అమ్మ పేరు, బస్సేన్, బర్మా. అంతకు మించిన చిరునామా ఏదైనా ఉంటే, మిలిటరీ తీసుకున్న అమ్మ జాబుతోపాటే పోయింది. పంతులు రెండుసార్లు క్యాంపుకు పోయి ఆ జాబు అడిగాడు. మొదటిసారి ఇంకా రాలేదన్నారు. రెండోసారికి ఆ పటాలం వేరే తాలూకాకు మారిపోయింది, చెన్నయ్యతో సహా. బస్సేన్ నుంచి జవాబు రాలేదు. రాసిన జాబూ తిరిగి రాలేదు.

అమ్మ జాబు వచ్చి రెండేళ్లు గడిచాయి. ఫిబ్రవరిలో సర్కారు జనాభా లెక్కలు పెట్టింది. వాడకు ఇస్తారి పంతులునే పంపారు. ఆయన గడపలో పీట వేసుకొని, కాగితాలు మోకాలి మీద పెట్టుకున్నాడు. ముందు మారెమ్మ వివరాలు రాసుకున్నాడు. తర్వాత లీదియా వంతు.

"పుట్టిన తావు బర్మా. గది నాకెరికే. తల్లి భాష... తెలుగే గద?"

"కరెన్," అంది లీదియా.

పంతులు కలం ఆపాడు. "నీకు ఒక్క ముక్క రాదు గద బిడ్డా. రాని భాష తల్లి భాష ఎట్లయితది?"

"నాకు రాదు పంతులూ. మా అమ్మకొస్తది."

ఆయన అది ఎలా రాయాలో ఆమెనే అడిగి, ఆమె చెప్పినట్టే రాశాడు. లేచి పక్క గుడిసెకు పోయాడు. లీదియా గడప మీద అలాగే నిలబడింది. పక్కింట్లో పంతులు అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. పేరు, పుట్టిన తావు, తల్లి భాష. లోపల ముసలామె, కొడుకు, కోడలు ఒకరి మాట మీద ఒకరు గబగబా చెప్పేస్తున్నారు.

మారెమ్మ లోపలి నుంచి పిలిచింది. లీదియా పోయి పొయ్యి రాజేసింది.