ఊదారంగు సంచి

ఆ బుధవారం ఉదయం మా గోధుమరంగు చెత్తడబ్బా మీద మూడో ఎర్రచీటీ అంటించి ఉంది. డబ్బా నిండుగా ఉంది. నున్జియో దాన్ని ముట్టుకోకుండానే చెత్తబండిని పక్క వీధిలోకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మా భవనంలో ఎనిమిది ఇళ్ళు. కాగితం, ప్లాస్టిక్, గాజు ఎవరి సంచిలో వాళ్ళు కట్టి, గేటు బయట వీధివైపు గోడకున్న ఎవరి కొక్కేనికి వాళ్ళు తగిలించుకుంటాం. వంటింటి చెత్తకు మాత్రం అందరికీ కలిపి ఒకటే డబ్బా. తొక్కలు, కాఫీ పిప్పి, గట్టిపడిన రొట్టెలాంటివే అందులో వెయ్యాలి. వాటితో ఎరువు చేస్తారు. ఒక్కరు వెయ్యకూడనిది వేసినా ఎనిమిది ఇళ్ళ తొక్కలూ ఎరువు కాకుండా కొండ అవతలి గోతిలోకి పోతాయి. నాలుగో చీటీ పడితే డబ్బానే తీసేస్తారు. ఆ తర్వాత ఎవరి చెత్త వాళ్ళు నాలుగు కిలోమీటర్లు మోసుకెళ్ళాలి.

ఈ డబ్బా సంగతి చూసేది నేను. నన్నెవరూ ఎన్నుకోలేదు. ఆరేళ్ళ క్రితం ఈ పద్ధతి పెట్టినప్పుడు మునిసిపాలిటీవాళ్ళు పంచిన పుస్తకాన్ని చివరిదాకా చదివింది మొత్తం భవనంలో నేనొక్కదాన్నే. అప్పటినుంచి “తెరెసీనా, పెరుగు కప్పు మూత దేంట్లో?”, “తెరెసీనా, చేప ముళ్ళో?” అని మెట్ల మీద ఆపి అడుగుతారు. చెబుతాను. మర్నాడు వాళ్ళే మళ్ళీ అడుగుతారు. మా అమ్మ బజారుకు ఒక గుడ్డసంచితో వెళ్ళి అదే సంచితో తిరిగొచ్చేది. ఇప్పుడు నాలుగు టమాటాలు కొంటే వాటికో పళ్ళెం, పళ్ళానికో పల్చని పొర, పొర మీద ఒక చీటీ. సగం రోజు విప్పడం, మిగతా సగం విప్పినవి వేరుచెయ్యడం. మధ్యలో ఏం తిన్నామో నాకు గుర్తుండదు.

“మూడోది,” అన్నాడు సబీనో, కళ్ళజోడు సర్దుకుంటూ. కింది అంతస్తులో ఉంటాడు. పోస్టుమాన్‌గా రిటైరయ్యాక పరాయివాళ్ళ ఉత్తరాలు చేతికందక ఇలాంటి చీటీలు చదువుకుంటున్నాడు. “మళ్ళీ ‘డైపర్లు’ అనే రాశారు చూడు. ఈ భవనంలో ఏడుపు వినిపించేది ఒక్క ఇంట్లోంచే.”

అప్పుడే లోరెదానా పిల్లాడి బండి దించుకుంటూ మెట్లు దిగింది. మొదటి అంతస్తులో అద్దెకుంటోంది. భర్త ఉత్తరాన ఏదో గోదాములో పని, నెలకోసారి వస్తాడు.

“నాకు ఊదారంగు సంచులున్నాయండీ,” అంది అడక్కముందే. “డైపర్లకని మునిసిపాలిటీవాళ్ళే ఇచ్చారు. మంగళవారం, శనివారం నా కొక్కేనికే వేలాడుతుంటాయి. రోజూ చూస్తూనే ఉన్నారుగా.”

“ఆ సంచి నిండిపోతే మిగిలినవి ఎక్కడికెళ్తాయమ్మా?”

“మావాడికి ఏడు నెలలు సబీనోగారూ. వాడు పిల్లాడు, గుర్రం కాదు.”

నాకు నవ్వొచ్చింది. అయినా నవ్వలేదు. “లోరెదానా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఒప్పుకుంటే ఇంతటితో పోతుంది కదా,” అన్నాను.

ఆ పిల్ల నావైపు చూసింది. “మీరు కూడానా, తెరెసీనాగారూ,” అని బండి తోసుకుని వెళ్ళిపోయింది.

వచ్చే ఆదివారం చర్చి నుంచి రాగానే అందరం కలిసి ఆమె ఇంటి యజమానికి ఉత్తరం రాయాలని సబీనో తీర్మానించాడు. ఆ ఇల్లు తన మేనకోడలికి ఇవ్వాలని యజమాని సాకు వెతుక్కుంటున్నాడని మా అందరికీ తెలుసు. ఒక్క ఫిర్యాదు చేతికందితే చాలు, లోరెదానా పిల్లాణ్ణెత్తుకుని వీధిలో ఉంటుంది.

ఈలోగా నున్జియో తీసుకెళ్ళని డబ్బాను ఎవరో ఒకరు బాగుచెయ్యాలి. చేతులకు తొడుగులు వేసుకుని పెరట్లో పాత దుప్పటి పరిచి మొత్తం బోర్లించాను. ఆర్టిచోక్ ఆకులు, పచ్చి చిక్కుడు తొక్కలు, నానిన రొట్టె. వాటికింద నాలుగు పొట్లాలున్నాయి, ఒకేలా మడిచి దారంతో కట్టినవి. విప్పాను. డైపర్లే. కానీ పిల్లాడివి కావు. ఒక్కొక్కటి నా తలగడంత ఉంది.

పొట్లం కట్టిన కాగితం ముతకది. దానిమీద పెన్సిలు గీతలు, భుజం వంపు, పక్కన చక్కటి దస్తూరిలో “నడుము 96, బెల్టు దగ్గర వదులు” అని ఉంది. మా ఊళ్ళో అలాంటి కాగితం ఒక్క ఇంట్లోనే ఉంటుంది. మూడో అంతస్తులో దొన్ ఎత్తోరే ఉంటారు, పెద్దమనిషని ఊరంతా ఆయన్ని గౌరవంగా ‘దొన్’ అంటారు. యాభై ఏళ్ళు దర్జీగా చేశారు. నా పెళ్ళికి మావారు గెరార్దో వేసుకున్న సూటు ఆయన కుట్టిందే.

నేను పైకి వెళ్ళేసరికి ఆయన భార్య పాల్మీరా చిక్కుళ్ళు ఒలుస్తోంది. నా చేతిలో మడిచిన కాగితం చూసి లేచి వంటింటి తలుపు వేసింది.

“ఆయన పడుకున్నాడు,” అంది. “మెల్లగా తిట్టు.”

“తిట్టడానికి రాలేదు వదినా.”

“అయితే ఇంకా ఘోరం. కూర్చో.”

ఆపరేషన్ తర్వాత అలా అయిందట. నాలుగు నెలలైంది. ఊదారంగు సంచులు అడగొచ్చు కదా అన్నాను. కాగితం మీద సంతకం పెడితే ఇస్తారు.

“ఇస్తారు. ఇస్తే ఎక్కడ తగిలించను? వీధి గోడకి, ఆరో నంబరు కొక్కేనికి. పాలవాడు చూస్తాడు, ఫాదర్‌గారు చూస్తారు, కాఫీబార్లో అందరికీ తెలుస్తుంది. ఈ ఊళ్ళో ప్రతి మగాడి నడుమూ కొలిచిన మనిషి, తెరెసీనా. ఇప్పుడు ఊరంతా కలిసి ఆయన్ని కొలుస్తారా?”

“మామూలు చెత్తసంచిలో వేసినా పోయేది.”

“ఆ సంచిలోంచి లోపలున్నదంతా కనిపిస్తుంది. పైగా పదిహేను రోజులకోసారి తీసుకెళ్తారు. ఆ వాసన నువ్వు భరిస్తావా?” చిక్కుడుకాయ చీల్చుతూ ఆగింది. “తొక్కల డబ్బా అయితే వారానికి మూడుసార్లు పోతుంది. అయినా మట్టిలో కలిసేవే కదా అనుకున్నాను. లోపలున్నదైతే కలుస్తుంది.”

“పైనున్నది ప్లాస్టిక్ వదినా. ఐదొందలేళ్ళు ఉంటుంది.”

“అంత గట్టిదైతే మరి కారుతుందెందుకు?”

లోరెదానా మీద ఉత్తరం రాయబోతున్నారని చెప్పాను. పాల్మీరా చేతులు ఆగిపోయాయి.

“నాకు తెలియదు,” అంది. “ఆ పిల్లనంటారని అనుకోలేదు. వెళ్ళి చెప్పెయ్. మా ఆయన మళ్ళీ గుమ్మం దాటడు, అంతే. రోజూ తొమ్మిదింటికి ప్యాంటు మడత నలక్కుండా కాఫీకి వెళ్ళొస్తున్నాడు. అదొక్కటే ఇంకా ఆయన్ని మంచంలోంచి లేపుతోంది.”

కిందికి దిగుతూ ప్రతి అంతస్తులోనూ ఒకసారి ఆగాను. మోకాళ్ళ నొప్పి వల్ల కాదు. ఆరేళ్ళుగా ఏది ఏ సంచిలో పడాలో అందరికీ చెబుతున్నాను. దీన్ని ఎక్కడ వెయ్యాలో పుస్తకంలో రాసి లేదు.

ఆదివారం గేటు దగ్గరి హాల్లో పదిమందిమి పోగయ్యాం. పాల్మీరా రాలేదు. సబీనో ఉత్తరం ముందే రాసి తెచ్చాడు. లోరెదానా పిల్లాణ్ణి భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఆ పూట వాడు ఏడవలేదు.

“చదవనా?” అన్నాడు సబీనో.

“చదవద్దు,” అన్నాను. “అవి మా ఇంట్లోవి.”

అందరూ మొదట నావైపు చూశారు. తర్వాత మెల్లగా నా పక్కనున్న గెరార్దో వైపు చూశారు. నేను ఆయనకు ముందుగా చెప్పలేదు. చెబితే కుదరదనేవాడు. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆయన నావైపు అలా చూడ్డం అదే మొదటిసారి. నేను ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను.

“అవును,” అన్నాడు గెరార్దో, గొంతు సవరించుకుని. “చలికాలం... చాలా చల్లగా ఉండింది కదా.”

ఎవరో దగ్గారు. సబీనో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. “నువ్వా తెరెసీనా! పుస్తకమంతా చదివినదానివి!” అన్నాడు. కోపం కంటే అందులో ఆనందమే ఎక్కువగా వినిపించింది.

ఇంటికొచ్చాక గెరార్దో చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. “రేపు కాఫీబార్లో పేకాట దగ్గర నా కుర్చీ మీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు,” అన్నాడు. “ఎవరికోసమో అదైనా చెప్పు.” చెప్పాను. ఆయన లేచి బీరువా తెరిచి, మా పెళ్ళినాటి సూటును కాసేపు చూసి, తలుపు మూసేశాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం లోరెదానా ఇంటి తలుపు తట్టాను. క్షమించమని అడిగాను. బుధవారం నేనన్న మాట నేనే మళ్ళీ చెప్పి మరీ అడిగాను. ఆమె లోపలికి రమ్మనలేదు. తలుపు మూయనూ లేదు.

“నాలుగు రోజులు నిద్రపోలేదండీ,” అంది. “సామాన్లు సగం సర్దేశాను.” కాసేపాగి, “మీ ఆయన్ని రాత్రిపూట నీళ్ళు తగ్గించమనండి. మావాడికి అదే పనిచేసింది,” అని తలుపు వేసుకుంది. అది వెక్కిరింపో దయో నాకు తెలియలేదు. రెండిటికీ నేను తగినదాన్నే.

సోమవారం మునిసిపాలిటీలో గెరార్దో పేరు రాసి సంతకం పెట్టాను. ఊదారంగు సంచుల చుట్ట ఒకటి ఇచ్చారు. ఆ చుట్టకు కూడా పైన ఒక ప్లాస్టిక్ తొడుగుంది.

మంగళవారం పొద్దున పాల్మీరా రొట్టెలకు వెళ్తున్నట్టు బుట్ట పట్టుకుని దిగింది. మెట్ల మలుపులో బుట్ట నా చేతికిచ్చి పైకెళ్ళిపోయింది. నేను అందులోని పొట్లాలను సంచిలోకి మార్చి, మూతి బిగించి, మా నాలుగో నంబరు కొక్కేనికి తగిలించాను. బరువుగానే ఉంది. ఒక మనిషి మూడు రోజుల్లో ఇంత పారేస్తాడా అనిపించింది. ఎనిమిది ఇళ్ళలోనూ ఉన్నవాళ్ళందరి వంతూ లెక్కేద్దామనుకుని, వద్దులే అని మానేశాను.

నున్జియో బండి ఆపి ఆ సంచిని చూశాడు. నన్ను చూశాడు. టోపీ కాస్త పైకి జరుపుకుని, “మీ ఆయనకి ఎలా ఉందమ్మా?” అన్నాడు.

“బాగానే ఉన్నాడు. నడుస్తున్నాడు.”

అప్పుడే దొన్ ఎత్తోరే గేటులోంచి బయటికొచ్చారు. ప్యాంటు మడత కత్తిలా ఉంది. చేతికర్ర ఊపుకుంటూ మా దగ్గర ఆగారు. సంచిని చూశారు. ఆయన టోపీ తీసి నాకు వంగి నమస్కరించారు. తర్వాత వీధి అవతల పాలవాడికి కూడా వినిపించేంత స్పష్టంగా, “గెరార్దోకి నేను అడిగానని చెప్పమ్మా. సిగ్గుపడొద్దను. వయసు ఎవర్నీ వదలదు,” అన్నారు.

అంత గట్టిగా అనక్కర్లేదు. ఆయన కళ్ళలోకి చూద్దామనుకున్నాను. అప్పటికే టోపీ పెట్టేసుకుని కాఫీబారు వైపు నడుస్తున్నారు, వెన్ను నిటారుగా పెట్టి.

నున్జియో సంచి తీసి బండిలోకి విసిరాడు. “పాపం గెరార్దో,” అన్నాడు.

“పాపమే,” అన్నాను.