పదహారు గళ్ళు, అరవై నాలుగు మొక్కలు

సోంపేట దగ్గరి ఆ ఊళ్ళో కమిటీ హాలు ఒక్కటే. సాయంత్రం ట్యూషన్‌కి దాన్ని ఇద్దరు అడిగారు. ఒకరు ఊరి కోడలు ప్రమోదిని. లెక్కల్లో డిగ్రీ చేసింది, రెండేళ్ళుగా ఇంటి అరుగు మీద ఇరవై మంది పిల్లల్ని ఇరికించి, వానొస్తే ఇళ్ళకి పంపేస్తోంది. రెండోవాడు పలాస నుంచి బండి మీద దిగే ఉమాశంకర్. చదువెంతో ఎవరికీ తెలీదు గానీ మెడలో టై ఉంది. ఎవరికివ్వాలో తేల్చేది కమిటీ పెద్ద అప్పలసూరి. తనకి తెలియని సంగతి లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

మనవడి ఫోన్లోకి వచ్చిన ప్రశ్ననే పరీక్షగా పెట్టాడు. గచ్చు మీద నిలువుకి నాలుగు, అడ్డానికి నాలుగు గళ్ళు సుద్దతో గీసి, "ఇందులో సదరాలెన్ని?" అన్నాడు.

"పదహారు సార్!" అన్నాడు ఉమాశంకర్, ఊపిరైనా తీసుకోకుండా.

"ముప్ఫై చదరాలు మావయ్యా," అంది ప్రమోదిని. వంగి వేలితో చూపించింది. "చిన్నవి పదహారు. నాలుగేసి గళ్ళు కలిపితే వచ్చేవి తొమ్మిది. తొమ్మిదేసి గళ్ళవి నాలుగు. అంతా కలిపి పెద్దది ఒకటి."

అప్పలసూరి ఫక్కున నవ్వాడు. "ఒకపాలి నెక్కలోకొచ్చినదాన్ని మళ్ళీ ఎలాగ నెక్కెడతావమ్మా? అన్నదమ్ముల పంపకాల్లో కొబ్బరిసెట్టు ఒక్కడి పేరే రాత్తాం. ఇద్దరికీ రాసేత్తే తలకాయలు పగిలిపోవా?"

ఊళ్ళో చెట్ల పంపకాలన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి మరి. భూగోళం కూడా తన పంపకాల కాగితంలోనే ఇమిడిపోయిందనుకునే రకం. "కరెక్ట్ సార్," అన్నాడు ఉమాశంకర్. హాలు అతనికి దక్కింది. ప్రమోదినికి టీ బడ్డీ దగ్గర 'ముప్ఫై మేడమ్' అన్న పేరు దక్కింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

తండ్రి వేసిన, తుపానుకి కూలిపోయిన తోటని మళ్ళీ వేయాలని అప్పలసూరికి ఆ నెల్లోనే బుద్ధి పుట్టింది. ఆయన తన చేత్తో ఒక్క మొక్కా నాటి ఎరగడు. ముందుగా నేల మీద నాలుగేసి వరసల్లో పదహారు గళ్ళు గీయించాడు, గడికి నాలుగు మూలలా కొబ్బరి. పదహారు నాలుగులు అరవై నాలుగు. ఉమాశంకర్ ఫోన్లో గుణించి చూసి మరీ "కరెక్ట్ సార్" అన్నాడు. ట్రాక్టర్ నిండా మొక్కలొచ్చాయి.

కూలి పోలారావు ఇరవై అయిదు నాటి చేతులు దులుపుకున్నాడు. "అయిపోనాయి బాబూ. పదహారు గళ్ళూ నిండిపోనాయి."

మిగిలిన ముప్ఫై తొమ్మిది మొక్కలూ ఊరి కంట పడితే పరువేం కాను? అప్పలసూరి వాటిని హాల్లోకి తోయించి తలుపులు మూయించాడు. మూసిన హాలు చూసి ఉమాశంకర్ నాలుగు రోజులు వచ్చినదారినే వెళ్ళి, ఆ తర్వాత పత్తా లేడు. పిల్లలంతా ప్రమోదిని అరుగెక్కారు. మొక్కల సంగతీ ఊళ్ళో దాగలేదు. చివరికి అప్పలసూరీ ఆ అరుగు దగ్గరికే వచ్చాడు.

"నెక్క అరవై నాలుగేనని, పోలారావే తప్పుగా నాటేసినాడని నలుగుర్లో ఒక్క మాట సెప్పమ్మా. హాలు నీకే ఇచ్చేత్తాను."

ఆమెకి హాలు కావాలి. మబ్బు పట్టి ఉంది, పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నారు. కానీ తప్పు లెక్కని ఒప్పని చెప్పి, కష్టపడ్డవాడి మీదికి నెట్టి, ఆ హాల్లో ఏ ముఖంతో లెక్కలు చెబుతుంది?

"ఒకసారి తోటకి రండి మావయ్యా," అంది. పిల్లలంతా వెంటపడ్డారు.

"ఒక చదరం చూపించండి." ఆయన నాలుగు మొక్కలూ తాకి చూపించాడు.

"దాని పక్కది?"

ఆయన ఒక మొక్క మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఇందాక తాకిందే. అటూ ఇటూ వెతికాడు. అక్కడ వేరే మొక్క లేదు. పిల్లలు ఆ చేతినే చూస్తున్నారు.

"ఇది రెండు గళ్ళకీ వత్తాదేటి!" అన్నాడు.

"ఆవేళ నేనన్నదీ అదే."

"సరేలే, హాలు నువ్వే తీసుకో," అన్నాడు, అదేదో తనకి అప్పుడే తట్టిన గొప్ప ఆలోచనైనట్టు.

"పోలారావు తప్పేం లేదని కూడా చెప్పండి."

ఆ మాట మాత్రం ఆయనకి వినపడలేదు. గట్టు మీద కూర్చున్న పోలారావుకి శుభ్రంగా వినపడింది.