లోపలివైపు తాళం

మా ఆయన తాళాలు తయారుచేస్తారు. ఫోనుకీ, అంకెలకీ తెరుచుకునే స్మార్ట్ తాళాలు. ఇంట్లో మందుసీసా మూత తియ్యాలంటే మాత్రం నన్నే పిలుస్తారు.

ఈసారి కంపెనీ వాళ్ళు ఆయనకు కొత్త పని అప్పగించారు. చేతులు స్వాధీనంలో లేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు కూడా సులువుగా తెరవగలిగే తాళం కావాలి. దొంగకు మాత్రం తెరుచుకోకూడదు. పరీక్షించే మనిషి కోసం ఆయన ఊరంతా గాలించక్కర్లేదు. ఆయన అక్క, అంటే మా వదిన, ఉంది. నరాల జబ్బు వచ్చాక ఆవిడ చేతులు వణుకుతాయి, నడక నెమ్మదించింది. బుర్ర మాత్రం మా అందరికంటే చురుకు, నోరు ఇంకా చురుకు. ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాలకు ప్రూఫులు దిద్దుతుంది.

ఆ వదిన విడిగా ఉంటానని పట్టుబట్టి, మూడో అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుంది. అత్తయ్య ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఆ తలుపు మా అందరికీ తెరుచుకోవాలి, లేదంటే వదిన మళ్ళీ ఇంటికి వచ్చెయ్యాలి. మా ఆయన కొత్త తాళాన్ని ముందుగా ఆ తలుపుకే బిగించారు.

తాళం బాగుందని ఒప్పుకోవాలి. మీటలు అరచేత్తో నొక్కేంత పెద్దవి, తడిమితే తెలిసేలా ఉబ్బెత్తు గుర్తులున్నాయి. చెయ్యి వణికి ఒకే మీట గబగబా రెండుసార్లు పడినా ఒకటిగానే లెక్కేస్తుంది. నొక్కిన అంకెను పైకి చదవదు, పక్కవాళ్ళు వింటారని. చేతి కింద సన్నగా అదురుతుంది, అంతే. పిడిని మోచేత్తో కూడా దించవచ్చు.

ఇక మా సంగతి. అత్తయ్య మూతపెట్టిన గిన్నెతో వెళ్తుంది. మా ఆయన ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి. నేనేమీ తక్కువ తినలేదు. ఒకరోజు ఉతికిన బట్టలు ఇద్దామని వెళ్ళి, వదిన బట్టలు మార్చుకుంటుండగా నేరుగా గదిలోకి నడిచాను. ఆవిడ దుప్పటి లాక్కుంది. నాకు సిగ్గేసింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

అమ్మకానికి పంపేముందు ఆఫీసులో ఒక నమూనా తలుపు నిలబెట్టి అందరి ముందూ పరీక్ష పెట్టారు. మేనేజరు ఉన్నాడు, భద్రత చూసే ఇంజినీరు ఉన్నాడు, వదినకు తోడుగా నేనున్నాను. తాళాన్ని మోసం చెయ్యడానికి ఇంజినీరు నానా తంటాలూ పడి చేతులెత్తేశాడట. వదిన అరచేత్తో, మోచేత్తో తలుపు ఇట్టే తెరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉందండీ?" అని మేనేజరు అడిగాడు.

"చాలా బాగుందండీ. చీమ కూడా దూరదు," అంది వదిన. "మా వాళ్ళు తప్ప."

అందరూ నవ్వారు. వదిన నవ్వకుండా, నెమ్మదిగా తలుపు అవతలికి నడిచింది.

"ఇటువైపు ఏం పెట్టావురా?"

"పిడి ఉందిగా అక్కా," అన్నారు మా ఆయన.

"అది నేను బయటికి రావడానికి. మీరు లోపలికి రాకుండా ఏం పెట్టావు?"

"నువ్వు గడియ వేసుకుని లోపల పడిపోతే, మేమెలా వచ్చేది?"

"పడ్డ రోజు రండి. పడని రోజు కూడా వస్తున్నారు కదా, నా గొడవంతా అదే."

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చాక చిందులు తొక్కారు. "కంటికి రెప్పలా చూసుకుంటుంటే, అందరి ముందూ పరువు తీస్తుందా?"

"రెప్ప కూడా అప్పుడప్పుడు మూసుకోవాలండీ," అన్నాను.

ఆ రాత్రి అలిగి అటు తిరిగి పడుకున్నారు. కానీ పని తెలిసిన మనిషి. అలక తీరకుండానే తాళం మార్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా ఫోను తలుపును తెరవదు, అడుగుతుంది. వచ్చిందెవరో తాళం లోపలివాళ్ళకు చెబుతుంది. లోపల గోడ పొడవునా, పడిపోయిన మనిషికి కూడా అందేలా, నేలకు దగ్గరగా ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. గరుకుగా ఉన్నచోట తాకితే 'రండి', నున్నగా ఉన్నచోట తాకితే 'ఇప్పుడు వద్దు'. ఏదీ తాకకపోతే, కాసేపు ఆగి తలుపు మాకు తెరుచుకుంటుంది.

ఆ కాసేపు ఎంతసేపన్న దగ్గర అక్కాతమ్ముళ్ళు జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. పాలు పొంగేంత చాలని తమ్ముడు. మంచం దిగి, చెప్పులు వెతుక్కుని, గోడ దాకా వచ్చేంత కావాలని అక్క. చివరికి ఆవిడ మాటే నెగ్గింది.

"ఒక్కసారి పడిందా, సామాను సర్దించి ఇంటికి తెచ్చేస్తా," అంది అత్తయ్య.

ఆ ఆదివారం పొద్దున మేమిద్దరం పళ్ళు తీసుకుని వెళ్ళాం. ఆయన ఫోను నొక్కారు. లోపల గంట మోగింది. ఆ వెంటనే ఏదో ధన్‌మని పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"అక్కా!" అంటూ తలుపు బాదారు.

పరీక్షల కోసమని ఆయన ఫోనులో ఒక దొంగదారి ఉంచుకున్నారు. అది ఎవర్నీ అడగకుండానే తలుపు తెరుస్తుంది. బొటనవేలు దాని మీదికి వెళ్ళింది, అక్కడే ఆగింది. నొక్కమనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. నిజం చెప్పాలంటే, నొక్కేస్తే బాగుండుననే అనిపించింది.

అప్పుడు తాళం మాట్లాడింది. "లోపలివారు ఇప్పుడు వద్దంటున్నారు."

"అక్కా, నేనే!"

"నువ్వేనని తెలిసే అన్నానురా," లోపలి నుంచి వదిన గొంతు. "పడింది కుర్చీ, నేను కాదు."

"అయితే తలుపు తియ్యి!"

"ఇప్పుడు కాదు."

"ఏం? ఎందుకని?"

ఆయన ముఖం మాడిపోయింది. నాకు జాలేసింది, కానీ అంతకు రెట్టింపు సంతోషమేసింది. పళ్ళ సంచి గుమ్మం పక్కన పెట్టాను. ఆయన ఫోను జేబులో వేసుకుని మెట్ల దాకా నడిచారు, ఆగారు, వెనక్కి వచ్చారు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా గొంతు సవరించుకున్నారు.

"మరి ఎప్పుడు రమ్మంటావక్కా?"

జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట ఆవిడను మేమెవ్వరం అడగలేదు.

"ఆలోచించుకుని చెప్తాను," అంది వదిన.