రాళ్ల లారీలు ఆగిన చోట

పట్టపగలు, పేటంతా చూస్తుండగా, నిదానం వాళ్ళమ్మ గోడ కింద పడి చనిపోయింది.

సముద్రం ఆ వేళ పోటు మీదుంది. ఒడ్డు వరస ఇళ్ళ కింద ఇసుక ఎప్పటినుంచో కరిగిపోతోంది. ముసలమ్మ గిన్నెలు తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళబోయింది. వద్దత్తా అని కోడలు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "ఇల్లెటూ మింగుతోంది. గిన్నెలు కూడా దానికేనా?" అంది. అంతే. పునాది కింద నుంచి అల వెనక్కి లాగింది, గోడ ఉన్నపళంగా కూలబడింది. మేం చేతులతో ఇటుకలు తోడి బయటికి తీసేసరికి ఆమెలో ఊపిరి లేదు.

ఆ సమయానికి కొడుకు రేవు గోడ చివర లారీ తొట్టి ఎత్తి రాళ్ళు గుమ్మరిస్తున్నాడు.

అతని అసలు పేరు మా లారీ యార్డులో ఎవరికీ అక్కర్లేదు. బండి మెల్లగా తోలతాడు, మాట ఇంకా మెల్లగా ఆడతాడు. నిదానమే ప్రధానం అన్నవాడు నిన్ను చూడలేదురా అని ఏడిపించేవాళ్ళం. నేనూ అదే యార్డులో డ్రైవర్ని. కొండ దగ్గర రాళ్ళు ఎక్కించుకుని, పేట పక్క రోడ్డు మీదుగా రేవుకి తోలి, సముద్రంలోకి కడుతున్న గోడ కొసన దింపడం మా పని. గోడ బొగ్గు ఓడల కోసం. మాలో సగంమంది ఆ పేటవాళ్ళే. వలలో చేప పడక, పడవలు తెగనమ్ముకుని స్టీరింగు పట్టినవాళ్ళు.

మధ్యాహ్నం రేవు పనులు చూసే అధికారి జీపు దిగాడు. తడి ఇసుక బూట్లకి అంటకుండా మెట్టు మీదే నిలబడి మాట్లాడాడు.

"ప్రకృతి వైపరీత్యమమ్మా. భూమి వేడెక్కిపోతోంది, ఎక్కడో మంచు కరుగుతోంది, సముద్రం లేస్తోంది. ప్రపంచమంతటా ఇదే గోల. ఎవర్నని అంటాం చెప్పు?"

అత్త శవం పక్కన కూర్చున్న కోడలు తలెత్తింది. ఆమెని పేటలో అందరం వదినా అనే పిలుస్తాం. నిదానానికి సొంత వదిన. మొగుణ్ణి తుపాను పట్టుకుపోయాక చేపలు ఎండబెట్టి అమ్ముతూ కూతుర్ని కాలేజీలో చదివిస్తోంది.

"దానంతట అదే వేడెక్కిందా సార్, ఎవరైనా పొయ్యి పెట్టారా?" అంది.

కూతురు ముందుకొచ్చింది.

"సముద్రం లేస్తోందన్నది అబద్ధం కాదు సార్. కానీ మీ గోడకి అవతల చూడండి, అక్కడ ఒడ్డు పెరిగింది. మాకు రావాల్సిన ఇసుక అక్కడ ఆగిపోయింది. గోడ కట్టి ఇసుక ఆపింది మీరే. ఆ రేవులో దింపే బొగ్గు కాల్చి సముద్రాన్ని లేపేదీ మీరే. రెండు చేతులూ ఒకరివే."

"చదువుకున్న పిల్లవి. జనాన్ని రెచ్చగొట్టకు," అన్నాడు అధికారి. "కొండ అవతల అందరికీ స్థలాలిప్పిస్తాం."

"అక్కడ వల ఎక్కడ వెయ్యమంటారు, బండల మీదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. జీపు వెళ్ళిపోయింది.

పేట శ్మశానం అప్పటికే సముద్రంలో కలిసిపోయింది. ముసలమ్మని కొండ దారి పక్కన పూడ్చాం. మేం పూడుస్తుంటే రాళ్ళ లారీలు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. వాటి దుమ్ము మా మట్టిలో కలిసింది.

మర్నాడు వదిన ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని యార్డుకొచ్చింది. మేం బండ్ల దగ్గర టీ తాగుతున్నాం.

"మీ అమ్మని సముద్రం చంపలేదు మరిదీ. నువ్వు మోసిన రాయి చంపింది," అంది అందరి ముందూ.

నిదానం గ్లాసు కింద పెట్టాడు. అతని తరఫున మాలో ఒకడు లేచాడు.

"ఏం మాటలమ్మా అవి? తల్లి పోయినవాణ్ణి పట్టుకుని. మేం తోలకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. వీడు మొయ్యకపోతే ఇంకొకడు మోస్తాడు. గోడ ఆగుతుందా?"

"ఆ ఇంకొకడితోనూ మాట్లాడదాం. ముందు మీ సంగతి చెప్పండి."

"మాట్లాడితే కడుపు నిండుతుందా?"

"నిండదు. ఇవాళ మా ఇల్లు పోయింది. రేపు నీ ఇల్లు పోతుంది. అప్పుడు నిండుతుందా?"

చాలాసేపు కేకలేసుకున్నాం. ఒకర్నొకరు అనరాని మాటలన్నాం. ఆఖరికి నిదానం లేచి తన లారీ ఎక్కాడు. మెల్లగా తోలుకెళ్ళి పేట మలుపులో రోడ్డుకి అడ్డంగా నిలిపాడు. తాళం తీసి వదిన చేపల గంపలో వేశాడు. ఎవరో నా భుజం మీద చెయ్యేసినట్టనిపించి చూశాను. ఎవరూ లేరు. నేనూ బండెక్కాను. సాయంత్రానికి గంప బరువెక్కింది.

కాంట్రాక్టరు వచ్చాడు. నిదానాన్ని పక్కకి పిలిచాడు. "అమ్మ పోయిందని నాకూ బాధేరా. నిన్ను మేస్త్రీని చేస్తాను. బండ్లు తీయించు."

నిదానం ఆలోచించి, ఆలోచించి అన్నాడు. "మేస్త్రీనైతే ఇంకా ఎక్కువ రాళ్ళు వేయించాలి కదండీ. నాకొద్దు."

రోజులు గడిచాయి. పనిలేదు, చేపల్లేవు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉన్న గింజలన్నీ ఒకే కుండలో పోసి రోడ్డు మీదే వండుకున్నాం. గంజి రోజురోజుకీ పలచబడింది. సముద్రం మాత్రం తన పని మానలేదు. ఇంకో వరస ఇళ్ళకి పగుళ్ళు పట్టాయి. ఒక డ్రైవరు పసిబిడ్డకి పాలు లేవని వచ్చి గంప ముందు నిలబడ్డాడు.

"నా తాళం ఇచ్చెయ్ వదినా."

వదిన వెతికి అతని తాళమే తీసి చేతిలో పెట్టింది. "నీ బండి నీది. నేను కాదనను. కానీ మేం లేవం. మా మీదనుంచి తోలుకుపో."

అతను తాళం పట్టుకుని రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. బండి దగ్గరికి వెళ్ళలేదు.

ఆ మర్నాడు ఆ అధికారి వెంట పోలీసులు దిగారు. వాళ్ళ వెనక ఒక బస్సు నిండా కొత్త డ్రైవర్లు. ముందు నిదానాన్ని పట్టుకున్నారు. ఒక పోలీసు మెడ మీద చెయ్యేసి తోశాడు.

"తొయ్యకండి, వస్తాను," అన్నాడు నిదానం. "నాకు పరుగు అలవాటు లేదు."

లాఠీతో మోకాళ్ళ మీద కొట్టారు. అప్పుడూ అతను అరవలేదు. వ్యాను తలుపు మూసుకుంది.

కొత్తవాళ్ళని చూసి వదిన గట్టిగా అడిగింది. "ఏ ఊరయ్యా మీది?"

వాళ్ళలో పెద్దాయన, ఎండకి వాడిపోయిన మొహం, తల దించుకునే చెప్పాడు. "మెట్ట ఊళ్ళమ్మా. వానలు మొహం చాటేశాయి. బోర్లెండిపోయాయి. పశువుల్ని కట్లు విప్పి వదిలేసి వచ్చాం."

"పని చేసుకోవడానికే వచ్చారు. తప్పులేదు. మీరు తోలేది దేని మీదనుంచో చూసుకుని తోలండి."

పోలీసులు పెద్దాయన్ని మారుతాళంతో లారీ ఎక్కించారు. ఇంజను మొరిగింది. ఆడవాళ్ళు చక్రాల ముందు పడుకున్నారు. వదిన కూతుర్ని జుట్టు పట్టి ఈడ్చారు. ఆ పిల్ల మోకాళ్ళు చెక్కుకుపోయి రోడ్డు మీద రక్తపు చార పడింది. ఇంజను ఇంకాసేపు మొరిగింది. తర్వాత ఆగింది.

పెద్దాయన కిందికి దిగాడు.

"ఏమైందిరా?" అన్నాడు అధికారి.

"నీళ్ళు లేక మేమొచ్చాం. నీళ్ళు మీదపడి వీళ్ళు పోతున్నారు. ఈ ఆడవాళ్ళ మీదనుంచి నేను తోలలేను బాబూ."

"ఇంకొకడు ఎక్కండిరా."

బస్సులోంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

మేం గెలిచామని చెప్పను. ఆ రోజే, పొద్దు వాలకముందే, పగుళ్ళు పట్టిన వరస మొత్తం సముద్రంలోకి జారిపోయింది. తలుపులు, మంచాలు, చేతికందినవి ఎత్తుకుని జనం రోడ్డెక్కారు. ఎటు పోవాలో ఎవరికీ తెలియదు. "పోలీసు స్టేషనుకి పదండి," అంది వదిన. "మనకి కప్పున్న చోటు అదొక్కటే మిగిలింది."

పేటంతా నడిచాం. మెట్ట ఊళ్ళ వాళ్ళూ నడిచారు. స్టేషను గేటు ముందు మంచాలు దింపాం. కానిస్టేబులు గేటు మూసి లోపలినుంచి అడిగాడు. "ఏం కావాలి మీకు?"

"మమ్మల్నీ లోపలెయ్యండి. నేరం ఒకటే కదా," అంది వదిన.

పక్క గోడకున్న చిన్న కిటికీలోంచి నిదానం గొంతు వినబడింది. దెబ్బలకి నోరు వాచి మాట ముద్దగా వస్తోంది.

"వదినా. బండ్లు కదిలాయా?"

"లేదు తమ్ముడూ. ఒక్కటీ కదల్లేదు."

"అయితే నాకోసం తొందరపడకండి," అన్నాడు. "నేనుంటాను."

ఆ మాటకి వదిన అత్త పోయిన నాటినుంచి మొదటిసారి ఏడ్చింది. ఏడుస్తూనే గేటుకి వీపానించి కూర్చుంది. మేం ఆమె చుట్టూ కూర్చున్నాం. కొండ వైపు నుంచి ఇంకా జనం వస్తున్నారు. దగ్గరికొచ్చాక పోల్చుకున్నాం. మా లారీల కోసం కొండలో రాళ్ళు కొట్టేవాళ్ళు. సుత్తులు భుజాన వేసుకుని, పని మధ్యలో వదిలేసి వస్తున్నారు.