పన్నెండు చందమామలు

నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో, ఫ్యాక్టరీల గోడల వెనుక, వరుసగా వేసిన రేకుల ఇళ్ళలో అది నాలుగోది. దీపాలు పెట్టే వేళ. సత్తమ్మ రాగి అంబలి దించి, మజ్జిగ కలిపి, చల్లారేదాకా గరిటెతో తిప్పింది. గోడకు ఆనుకొని కూర్చున్న పోశయ్య గిన్నె అందుకొని నెమ్మదిగా తాగాడు.

"ఇయ్యాల మింగుడు వడుతున్నదే" అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఆమె మొహం తేటపడింది. అర్రలోకి వెళ్ళి సీసా మూత తీసి ఒక పసుపు గోలీ అరచేతిలో వేసుకుంది. వాకిట్లోకి వచ్చి, చెంబెడు నీళ్ళతో దాన్ని మోరీ కాల్వలోకి సాగనంపింది. మళ్ళీ లోపలికి పోయి, దవాఖానా వాళ్ళిచ్చిన కార్డు తీసి, ఆనాటి గడిలో చందమామ బొమ్మ కింద పెన్సిల్‌తో టిక్కు పెట్టింది.

చూసేవారికి అక్కడ కనబడేది మొగుణ్ణి కంటికి రెప్పలా కాచుకునే ఇల్లాలు. అది నిజమే. కానీ ఆ టిక్కు మాత్రం అబద్ధం. మనసు నిండా ప్రేమ ఉండి కూడా మనిషి ఎందుకు అబద్ధం ఆడవలసి వచ్చిందో చెప్పడానికే ఈ కథ.

పోశయ్య ఆలేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, మల్లాపూర్‌లో రేకు డబ్బాలు చేసే షెడ్డులో ఇరవై ఏళ్ళు ప్రెస్సు మిషను నడిపాడు. పెద్దపేగులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకిందని తెలిసేసరికి ఆపరేషన్‌కు వీలు దాటిపోయింది. మామూలు మందులు రెండు రకాలు వాడినా జబ్బు ఆగలేదు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో రైలు స్తంభాలకు గుంతలు తవ్వుతున్న ఏడాది అది. అక్కడి ఒక ప్రైవేటు దవాఖానాలో, ముదిరిన క్యాన్సరుకు రెండు మందులు కలిపి ఇచ్చి చూస్తున్నారు. రెండూ పాతవే, కలపడమే కొత్త. ఎంత మోతాదును ఒళ్ళు ఓర్చుకుంటుందన్నది తేల్చడం మొదటి పని. పోశయ్యను చేరతావా అని అడిగారు.

హరిత అనే ఉద్యోగిని పదహారు పేజీల కాగితాలు చదివి వినిపించింది. తెలుగులోనే చదివింది. కానీ అది 'ప్రతికూల ప్రభావములు సంభవించిన యెడల' అనే తెలుగు. ఆ గంటసేపటిలో సత్తమ్మకు అందినవి రెండే ముక్కలు: మందు ఊరికే ఇస్తారు, కార్డు తప్పక నింపాలి. పొద్దున తెల్ల గోలీకి సూర్యుడు, రాత్రి పసుపు గోలీకి చందమామ. పోశయ్య వంకరటింకరగా సంతకం పెట్టాడు. "అర్థమైంది కదండీ?" అంటే ఇద్దరూ తల ఊపారు. పెద్ద చదువులవాళ్ళు అడిగితే తల ఊపడం మర్యాద అని మనలో ఎంతమందికి చిన్ననాడే నేర్పలేదు?

పద్నాలుగో రోజున రక్తం ఇచ్చి వస్తుంటే దవాఖానా మెట్ల మీద ఉప్పలయ్య కలిశాడు. అతనూ అదే మందులు తీసుకుంటున్న తొర్రూరు మనిషి.

"నోరంత పూసింది. నోరు దెర్శి జెప్పిన, మందు బంజేసిన్రు. ఇగ వద్దంట వదినా" అన్నాడు, లోపలి పుండ్లకు పెదవులు కదపలేక.

చెబితే పంపించేస్తారని సత్తమ్మకు ఆ క్షణాన మనసులో నాటుకుపోయింది.

సరిగ్గా రెండు రోజులకు పోశయ్య నోరూ పూసింది. నీళ్ళు గుటక వేసినా నిప్పు మింగినట్టే. వేడి, సలువ అన్న లెక్కతోనే సత్తమ్మ ఇల్లు నడిపింది. మామిడిపండు వేడి, మజ్జిగ సలువ. పదహారు రోజులు రెండు గోలీలూ వేశాక, రాత్రిది మింగినప్పుడే మంట ఎక్కువని ఆమెకు తోచింది. రెండూ వేడే అయినా పసుపుదే ఎక్కువ వేడి అని తేల్చుకుంది. ఒక్క ఒంట్లో రెండు వేడ్లు పడవనుకొని, "రాత్రిది ఇగ వద్దన్నరయ్యా" అని మొగుడికి చెప్పింది. దవాఖానాకు చెప్పడానికి కార్డు ఉండనే ఉంది. అంబలి, సబ్జా గింజలు, కొబ్బరినీళ్ళు. పది రోజుల్లో పుండ్లు మానాయి. తానే గెలిచాననుకుంది.

ఇరవై తొమ్మిదో రోజున ఇద్దరూ షేర్ ఆటోలో ఉప్పల్ వెళ్ళారు. డాక్టరు నరసింహమూర్తి తల నెరిసిన మనిషి, రాజమండ్రి వైపువాడు. టార్చి వేసి పోశయ్య నోరు చూశాడు, కార్డు చూశాడు.

"భేష్ పోశయ్యగారూ! ఒక్క పూట కూడా తప్పలేదే. మొత్తం ఆరుగురిలో ఉప్పలయ్య ఒక్కడికే గట్టిగా నోరు పూసింది. ఇంకొకరికి వచ్చుంటే ఈ మోతాదు దగ్గరే ఆగిపోయేవాళ్ళం. ఇక వచ్చేవాళ్ళకి పసుపు బిళ్ళ రెండేసి ఇవ్వొచ్చు."

రెండేసి అన్న మాటే సత్తమ్మ చెవుల్లో నిలిచిపోయింది. బయటికి వచ్చి బెంచీ మీద కూలబడింది. పక్కన ముప్పై అయిదేళ్ళ ఆడమనిషి, టీలో ముంచిన బ్రెడ్డు ముక్క చప్పరిస్తోంది. పేరు వెంకటనర్సమ్మ, ఊరు కీసర.

"నీ ఇంటాయనకు గా రెండు గోలీలేనా అక్కా? పడ్డయా?"

"ఆఁ" అంది సత్తమ్మ.

"నోరు గిట్ల పుయ్యలే?"

సత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఉక్కు మనిషే మా బావ! నాకు మస్తు ధైర్నమొచ్చింది. రేపటి సంది నాకు. పసుపుయి రెండంట. నా బిడ్డ పదో తరగతి పాసయ్యేదాంక నన్ను నిలవెడ్తే సాలక్కా, అటెనక దేవుడెట్ల జేస్తె గట్ల."

ఒక్క గోలీకే నీళ్ళు దిగని పోశయ్య గొంతు సత్తమ్మకు గుర్తొచ్చింది. ఈమెకు రెండు! లేచి, మందుల కిటికీ దగ్గర నిలబడ్డ మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"ఏందే, మొకం గట్ల వెట్టినవ్?"

"నీకు పన్నెండు దినాల సంది రాత్రి గోలీ ఇయ్యలే."

"వద్దన్నరంటివి గద."

"ఎవ్వలనలే. నేనే అన్న. టిక్కులు గూడ నేనే వెట్టిన. ఇప్పుడు గా పిల్లకు రెండిస్తరంట."

పోశయ్య తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"నా ప్రెస్సు యాదికున్నదా? ఒక్కోపారి దానంతటదే పడేది. మేస్త్రీకి జెప్తె మిషను బందు వెడ్తడు, నాగలు వడ్తయ్, కూలి వోతదని జెప్పలే. నా చేతులు నేను గాపాడుకున్న. నా ఎనక డ్యూటీ ఎక్కిన జీవన్‌కు రెండు వేళ్ళు తెగినయ్. ఇయ్యాల్టి దాంక వాని మొకం జూడలేను."

"చెప్తె నీ మందు ఆపుతరయ్యా! ఉప్పలయ్యను జూడలేదా?"

"ఆపనీ. నడువు."

డాక్టరు బల్ల మీద కార్డు పరచి ఉంది. సత్తమ్మ దండం పెట్టింది. తర్వాత ఒక్కొక్క చందమామ మీద వేలు పెట్టింది.

"ఇది అబద్ధం సారూ. ఇదీ అబద్ధం. ఇది గూడ."

అలా పన్నెండు. ప్రతి బొమ్మ దగ్గరా ఆమె వేలు ఆగి, ముందుకు జరిగింది. ఆఖరుకు పుండ్ల సంగతీ, మోరీ సంగతీ చెప్పింది.

అక్కడే ఉన్న హరిత మొహం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది! అంతసేపు కూర్చుని చదివాను కదా. పుండ్లొస్తే చెప్పమని తొమ్మిదో పేజీలో ఉంది!"

"ఆగమ్మా" అన్నాడు నరసింహమూర్తి. "నువ్వు చదివావు సరే, ఆవిడ చేత తిరిగి చెప్పించావా? నేను మాత్రం చేసిందేమిటి? కార్డు చూసి మురిసిపోయాను, ఇంట్లో ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు."

ఫోను అందుకొని, రేపు మొదలుపెట్టవలసిన మోతాదు ఆపించాడు. పైవాళ్ళకు జరిగింది జరిగినట్టు రాస్తానన్నాడు. తర్వాత తన కుర్చీ తెచ్చుకొని పోశయ్య దంపతుల ఎదుట కూర్చున్నాడు.

"ఈ పరీక్షలో ఇక మిమ్మల్ని కొనసాగించలేనమ్మా. అలాగని వైద్యం మానం. నొప్పి తగ్గడానికీ తిండి సహించడానికీ మందులిస్తాం, ఎప్పుడైనా రావచ్చు. ఉప్పలయ్యనీ మేం వెళ్ళగొట్టలేదు. అతన్ని కాపాడాలనే ఆపాం. ఆ ముక్క మీకు ముందే విడమరిచి చెప్పుంటే మీరు దాచేవారు కాదు. ఈ రెండు మందులు కలిస్తే ఏమవుతుందో నాకూ తెలీదు. తెలీకే పరీక్ష. నా పుస్తకాల్లో లేని జవాబు మీ ఆయన ఒంట్లో ఉంది. అది మీరు చెబితేనే నాకు తెలిసేది. భయపడ్డ మనిషి చేత నిజం చెప్పించాలంటే ముందు మేం ఆ భయం తీర్చాలి. అదీ వైద్యమే."

ఆ పూటే హరిత వెంకటనర్సమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. కాగితాలు మూసి, మామూలు మాటల్లో చెప్పింది. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని అడిగింది. మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగోసారి వెంకటనర్సమ్మ సరిగ్గా చెప్పింది: "మందు పనిజేస్తదో లేదో మీకు గూడ దెల్వదు. నాకిష్టమైతెనే. వద్దనుకుంటె ఎప్పుడన్న మానొచ్చు." ఒక రోజు ఆలోచించి, మళ్ళీ సంతకం పెట్టింది. ఆమెకు పసుపు గోలీ ఒక్కటే ఇచ్చారు.

పోశయ్య నాలుగు నెలలు బతికాడు. చివరి వారం తప్ప మిగతా రోజులు నొప్పి లేకుండా, అంబలి తాగుతూ గడిపాడు. ఆ పన్నెండు గోలీలు వేసి ఉంటే ఇంకో నెల ఉండేవాడా, లేక ముందే పోయేవాడా అన్న ప్రశ్నకు డాక్టరు నిజాయితీగా తెలియదనే చెప్పాడు. ఆ తెలియనితనాన్ని సత్తమ్మ బతికినన్నాళ్ళూ మోయవలసిందే.

పోశయ్య కాగితాలు తెచ్చుకోవడానికి ఆమె మళ్ళీ ఉప్పల్ వెళ్ళినరోజు, వెంకటనర్సమ్మ అదే బెంచీ మీద కొంగు అడ్డం పెట్టుకొని కూర్చుని ఉంది. కొంగు తీసి చూస్తే పెదవి లోపల తెల్లటి పొక్కులు.

"రెండు దినాలాయె అక్కా. గంత జెప్పిన్రు గని, జెప్పాల్నంటె గుండె దడదడ అంటున్నది. ఆపుతరేమొనని."

"ఆపితె ఆపుతరు, తగ్గిస్తె తగ్గిస్తరు. ఏం జేస్తరో నేను జెప్పలేను."

సత్తమ్మ ఆమె రెక్క పట్టి లేపి, డాక్టరు గది దిక్కు నడిపిస్తూ అంది:

"గని దాయకు బిడ్డా. నువ్వు దాసిన నొప్పి నీతోనే పోదు, నీ ఎనకొచ్చేటోళ్ళ ఒంట్లెకు పోతది."