దొరకని లోపం

"ఇంట్లో ఊరికే కూర్చునే బదులు షెడ్డుకొచ్చి కాస్త సాయం చెయ్యొచ్చుగా" అన్నాడు మొగుడు, పెళ్ళైన కొత్తలో. ఆ కాస్త సాయం పెరిగి పెరిగి, ఇప్పుడు షెడ్డుకొచ్చే ప్రతి కారు రోగమూ ఆమే కనిపెట్టేదాకా వచ్చింది. జీతం మాటెత్తితే "సొంత షెడ్డులో జీతమేంటే పిచ్చిదానా" అని నవ్వుతాడు. కస్టమర్ల ముందేమో "మా ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడుతుందంతే" అంటాడు. అత్తగారిది ఇంకో పాట: "ఆ ఆయిలు చేతులతో వంట ముట్టుకోకు." వంట మానెయ్యమని మాత్రం ఎవరూ అనరు.

ఆ ఉదయం ఒకావిడ కారు తెచ్చింది. ఇంజిన్ లైటు ఆరడం లేదట. ఈమె స్టీరింగ్ కింది సాకెట్‌లో బండి లోపాలు చదివే స్కానర్ పెట్టింది. బండిలోని కంప్యూటర్లు ఒక్కటీ పలకలేదు. కేబుల్ మార్చింది, బ్యాటరీ చూసింది, ఫ్యూజులు చూసింది. పక్క కారుకు పెడితే అదే స్కానర్ చిలకలా పలికింది. అంటే రోగం ఈ బండిలోనే ఉంది. ప్యానెల్ ఊడదీసి చెయ్యి పెడితే, సాకెట్ వెనక తీగలకు అతికించిన అగ్గిపెట్టెంత నల్ల డబ్బా తగిలింది. ట్రాకర్. బండి ఎక్కడుందో ఎవరి ఫోనుకో చెప్తోంది. కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల మీద అది ఆపకుండా వాగుతుంటే ఇంక స్కానర్ మాట ఎవరికి వినపడుతుంది?

"అది నేనే పెట్టా" అన్నాడు మొగుడు వెనకనుంచి, గొంతు తగ్గించి. "వాళ్ళాయన అడిగాడు. సరిగ్గా అతికించి మూసెయ్. ఆవిడకి చెప్పకు. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతను టీకి వెళ్ళగానే డబ్బా పీకింది. కంప్యూటర్లన్నీ పలికాయి. దాన్ని తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. తొందరగా పెట్టెయ్యండి. అది ఆగిందంటే ఫోనొస్తుంది. ఆ తర్వాత..." కాలర్ పైకి లాక్కుంది, అయినా దాగలేదు. మెడ మీద వేళ్ళ గుర్తులు కమిలిపోయి ఉన్నాయి.

"వెళ్ళడానికి ఎవరైనా ఉన్నారా?"

"అక్క ఉంది. బస్సెక్కితే సాయంత్రానికి చేరతాను. కానీ గడప దాటాలంటే ప్రతిదానికీ లెక్క చెప్పాలి. ఈ రిపేరొక్కటే దొరికిన సాకు."

ఈమె ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకుంది. వంగి, దాన్ని ఉన్నచోటే అతికించింది. "బండి షెడ్డులోనే కనపడుతుంది. సాయంత్రందాకా నేను దీన్ని వదలను. ఫోను సీట్లో పడేసి వెనక గేటునుంచి వెళ్ళండి."

మొగుడు తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. "మీరన్నట్టే అతికించా, ఇంకా పలకట్లేదండీ. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టట్లేదు" అంది. ఆ షెడ్డులో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఆడదాని చేతికి స్కానరిస్తే బండి ఇక్కడే ముసలిదైపోతుంది" అని నలుగురికీ వినపడేలా నవ్వి, కౌంటర్ దగ్గరికి పోయాడు.

కారు సీట్లో ఫోను మోగింది. ఆమె తీసింది. అవతల ఆవిడ మొగుడు.

"ఆవిడ లోపల గదిలో కూర్చున్నారండీ. నాకే పని చేతకాక ఆలస్యమవుతోంది" అంది.

ఆ మాట అతను వెంటనే నమ్మాడు.